ఆరో నంబరు పని

చక్రాల కుర్చీ బాత్‌రూం గడప దగ్గర ఆగిపోయింది. రోజూ అక్కడే ఆగుతుంది. తలుపు వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలు, కుర్చీ వెడల్పు ఇరవై ఐదున్నర. నళిని బ్రేకు వేసి, ముందువైపుకు వచ్చి, అక్క చంకల కింద రెండు చేతులూ దూర్చి నిలబడింది.

"ఒకటి, రెండు, మూడు" అని సక్కుబాయే లెక్కపెట్టింది.

మూడు అనగానే నళిని లేపింది. నాలుగంగుళాల గడప మీదుగా అక్క కుడికాలు దాటింది. ఎడమకాలు దాటలేదు. దాన్ని చేత్తో ఎత్తి లోపల పెడదామని వంగితే పైన పట్టు సడలుతుంది. అందుకని మోకాలితో ఆ కాలిని మెల్లగా నెట్టడం అలవాటు చేసుకుంది. లోపల గోడకు ఆనించి పెట్టిన ప్లాస్టిక్ కుర్చీ మీద అక్కను కూర్చోబెట్టేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. మే నెల. ఏడు కూడా కాలేదు.

"నీ నడుము పోతదే నళినీ. వారానికి రెండుసార్లు చేయిస్తే చాలదా స్నానం?"

"నువ్వు ఊకో అక్కా."

నళినికి యాభై ఏడేళ్ళు, సక్కుబాయికి అరవై ఎనిమిది. అమ్మ పోయినప్పుడు నళిని మూడో తరగతి. అప్పటినుంచి సక్కుబాయి సుల్తాన్ బజార్ చీరల దుకాణాలకు ఫాల్స్ కుట్టి చెల్లెల్ని బీకాం దాకా చదివించింది. ముప్పై ఒక్క ఏళ్ళు కుట్టింది. తాను పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలికి చేసింది. ఆ చెల్లెలు రెండేళ్ళకే ఒక ట్రంకు పెట్టెతో తిరిగొస్తే, ఎందుకని అడగకుండా పెట్టె అందుకుని లోపల పెట్టింది. ఆబిడ్స్‌లో చిరాగ్ అలీ లేన్ వెనకాల సందులో, కింది అంతస్తులో, రెండు గదుల ఈ ఫ్లాటు నళిని జీతం మీద లోను తీసి కొన్నది. కిటికీ తెరిస్తే సందు కనిపిస్తుంది. సంక్రాంతి వెళ్ళిన వారానికి సక్కుబాయికి ఎడమవైపు పడిపోయింది. కోఠిలో ఒక దుకాణం నుంచి చక్రాల కుర్చీ కిరాయికి వచ్చింది. ఆ రోజునుంచి ఇంట్లో ఒక్కటే సమస్య: ఒకటిన్నర అంగుళం.

స్నానమయ్యాక సక్కుబాయి నోరు కట్టేసుకుంటుంది. తిండి తింటుంది, నీళ్ళు మాత్రం తాగదు. నళిని పదింటికి ఆఫీసుకు వెళ్ళి ఆరింటికి వస్తుంది. ఈ మధ్యలో బాత్‌రూంకు వెళ్ళాల్సి వస్తే ఎత్తేవాళ్ళెవరు? పక్క ఫ్లాటు మృదుల వచ్చి చూసి పోతుంది గాని, ఆ పిల్ల సన్నటిది, పైగా పరాయి పిల్ల. డైపరు మాట ఎత్తితే సక్కుబాయి మొహం గోడవైపు తిప్పుకుంది. అంతకంటే దాహమే నయమనుకుంది. పొద్దున కిటికీ పక్కన నళిని నింపి పెట్టిన సీసా సాయంత్రానికి నిండుగానే కనబడుతుంది.

ఆ సీసా చూసినప్పుడల్లా నళినికి ఒళ్ళు మండేది. అక్క మీద కాదు. ఫిబ్రవరి నుంచి ఇంటికి వచ్చి, గోడలు చూసి, టీ తాగి, ఏదో ఒక అంకె రాసిచ్చి పోయినవాళ్ళ మీద.

ఆబిడ్స్ మెయిన్ రోడ్డు మీది షోరూం నుంచి వచ్చిన రవికిరణ్ "బాత్‌రూం కంప్లీట్" అని ఒకటే అంకె రాసిచ్చాడు. అందులో ఏముందో, ఏం లేదో తెలియదు. నాంపల్లిలో ఆఫీసు పెట్టుకున్న రిటైర్డు ఇంజినీరు శ్రీరామమూర్తి చదరపు అడుగుకు ఇంత అన్నాడు. దేనికి అడుగు, నేలకా గోడకా అనేది రాయలేదు. ఒకరి దాంట్లో టైల్స్ ఉన్నాయి, ఇంకొకరి దాంట్లో లేవు. ఒకరు ఫాల్స్ సీలింగు కలిపారు. తలుపు వెడల్పు మాట ఎవరి కాగితంలోనూ లేదు. నళిని ఆ ఒక్కదాని కోసమే వాళ్ళను పిలిచింది.

ఈ విద్య ఆమెకు రాకపోతే వేరే మాట. నాంపల్లిలోని ఒక సర్కారు ఆఫీసులో, స్టోర్స్ సెక్షన్‌లో, మధ్యలో రెండేళ్ళు తప్ప ఇరవై ఏడేళ్ళుగా ఆమె చేసే పని అదే. బీరువాలకు, ఫ్యాన్లకు, పరదాలకు వచ్చిన మూడు కొటేషన్లనూ ఒక పెద్ద కాగితం మీద గళ్ళు గీసి పక్కపక్కన పెట్టడం. అడిగింది ఒకటే అయితేనే చెప్పిన ధరలు పక్కపక్కన నిలబడతాయని ఆమెకు తెలిసినంతగా ఆ ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు. అందుకే పోయిన వారం కూర్చుని పద్నాలుగు పనులు వరసగా రాసింది. పాత టైల్స్ పీకడం ఒకటో నంబరు. చెత్త బయటికి మోయించడం పద్నాలుగు. ఆరో నంబరు మాత్రం కింద గీత గీసి రాసింది: "తలుపు తీసి, గోడ కోసి, ముప్పై నాలుగు అంగుళాల వెడల్పు చేసి కొత్త తలుపు పెట్టాలి. గడప ఉండకూడదు." ప్రతి పనికీ ఎదురుగా మూడు గళ్ళు: సామాను, కూలి, ఎన్ని రోజులు. జిరాక్సు తీయించి షోరూంలో ఒకటి, మూర్తిగారి ఆఫీసులో ఒకటి ఇచ్చింది. మూడోది నాంపల్లి స్టేషన్ దగ్గర కూలీల అడ్డా మీద నిలబడే జంగమ్మకు ఇచ్చింది. జంగమ్మ పేరు చెప్పింది తమ బిల్డింగు వాచ్‌మన్.

జంగమ్మ చెప్పిన టైముకే, ఎనిమిదింటికి వచ్చింది. నల్లగా, గట్టిగా ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. చేతుల మీద సిమెంటు తిన్న మచ్చలు. పదిహేనేళ్ళ కింద మొగుడు పరంజా మీదినుంచి పడ్డాక అతని తాపీ ఈమె పట్టింది. అడ్డా మీదికి వచ్చేవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఇటుకలు మోయడానికే పిలుస్తారట.

"నాకు సదువు రాదమ్మా. మా బిడ్డ సదివి చెప్పింది. పద్నాలుగుట్ల పదమూడు చేస్త. పైపుల పని నాకు రాదు, దానికి ప్లంబర్‌ను వేరే పెట్టుకోండ్రి. గా గళ్ళ రాదు అని రాయుండ్రి."

ఆమె లోపలికి వెళ్ళి సుత్తి పిడితో తలుపు పక్క గోడను నాలుగైదు చోట్ల కొట్టి, చెవి పెట్టి విన్నది. "ఇది పల్చటి అడ్డగోడ. పైన బరువేం లేదు. కోయొచ్చు" అంది. తర్వాత టేపు తీసి తలుపు దగ్గరికి పోకుండా సక్కుబాయి దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వే చక్రాలు తిప్పుకుంట పోయినట్టు చేతులు పెట్టు జర."

సక్కుబాయి కుడిచేయి చక్రం మీద పెట్టింది. జంగమ్మ ఆమె మోచేతి కొస నుంచి కుర్చీ అవతలి అంచు దాకా కొలిచింది.

"కుర్సీ ఒక్కటి కొలిస్తె ఎట్ల? మోచేతులు గీక్కపోవు?"

సక్కుబాయి నవ్వింది. జనవరి తర్వాత ఆమె నోరు అంత సాగి నవ్వడం నళిని చూడలేదు. "ఇన్ని రోజులల్ల నన్ను కొలిచింది నువ్వే" అంది. "బట్టలోల్లు గూడ గింత మంచిగ కొలవరు."

ఒక్కొక్క పనికీ జంగమ్మ రేటు చెప్తుంటే నళిని గళ్ళలో రాసింది. ఆరో నంబరుకు రెండు రోజులు. చివర జంగమ్మ వంకర అక్షరాలతో తన పేరు సంతకం పెట్టింది.

"మిగతా రెండు కాగితాలు కూడ రానీ. సాయంత్రం చెప్త" అంది నళిని.

"ఇయ్యాల వేరే పని దొరికినా రేపు పొద్దుగాల వచ్చి కనుక్కుంటమ్మా" అని జంగమ్మ వెళ్ళిపోయింది.

అక్కడే ఆ పని ఒప్పుకుంటే సరిపోయేదేమో. కానీ ఇరవై ఏడేళ్ళ అలవాటు. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టకుండా దేనికీ అవునని రాయలేదామె.

ఆఫీసుకు వెళ్ళేసరికి బల్ల మీద ఫైలు ఉంది. వాటర్ కూలర్లు కొనాలట. మూడు కంపెనీల పేర్లతో మూడు కొటేషన్లు. మూడింటిలోనూ "గ్యారెంటీ" అనే మాట ఒకే తప్పుతో ఉంది. చిరునామాలు వేరు, ఫోన్లు వేరు, తప్పు మాత్రం ఒకటే. సూపరింటెండెంట్ ప్రహ్లాద్ నవ్వుతూ వచ్చాడు.

"నళిని మేడం, జర తొందరగ స్టేట్‌మెంట్ చేసియ్యిండ్రి. సాయంత్రం సంతకాలైపోవాలె."

పదిహేనేళ్ళ కింద ఒకసారి కుర్చీల ఫైలు మీద "ఈ మూడు కొటేషన్లు పోల్చదగినవి కావు" అని రాసింది. ఆ వారమే ఆమెను డిస్పాచ్‌కు మార్చారు. రెండేళ్ళు కవర్ల మీద స్టాంపులు అంటించింది. ఆ తర్వాత అలాంటి మాట రాయలేదు. ఫైలు పక్కకు నెట్టి, మధ్యాహ్నం గంటసేపు పర్మిషన్ అడిగి బయటపడింది.

షోరూంలో ఏసీ చల్లగా ఉంది. రవికిరణ్ ఆమె ఇచ్చిన కాగితం తేలేదు. ల్యాప్‌టాప్ తిప్పి ఒక బొమ్మ చూపించాడు. తెల్లటి తొట్టి, పక్కన పూలకుండీ, అద్దం చుట్టూ లైట్లు.

"మేడం, మేము లైను లైనుకు రేటు ఇయ్యం. ప్యాకేజ్ ఉంటది. సిల్వర్, గోల్డ్."

"తలుపు ఎంత వెడల్పు పెట్టిన్రు ఇందుల?"

"అవన్నీ సైట్‌ల అడ్జస్ట్ అయితయ్ మేడం."

"ఇరవై నాలుగా, ముప్పై నాలుగా?"

అతను పక్కనున్న వాడి వైపు చూసి నవ్వాడు. "ఇంట్ల సార్ ఉంటే ఒకసారి మాట్లాడిపియ్యిండ్రి మేడం. టెక్నికల్ కదా."

ఇంట్లో సార్ ఎవరూ లేరని చెప్పడానికి కూడా ఆమెకు మనసొప్పలేదు. తొట్టి బొమ్మ వైపు వేలు చూపించి, "ఎడమకాలు ఎత్తలేని మనిషి దీంట్లకు ఎట్ల దిగుతదో మీ టెక్నికల్ వాళ్ళను అడగండి" అని లేచింది.

ఎండలో నడుచుకుంటూ నాంపల్లి వెళ్ళింది. శ్రీరామమూర్తి పెద్దమనిషి. లేచి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. కాగితం పూర్తి చేసి పెట్టాడు కూడా. నళిని ఆశగా గళ్ళు చూసింది. అన్నీ అందమైన అక్షరాలతో నిండి ఉన్నాయి. ఆరో నంబరు దగ్గర మాత్రం ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. పక్కన "సాధ్యం కాదు, బరువు మోసే గోడ" అని రాసి ఉంది.

"గోడ కొట్టి చూసిన్రా సార్ మీరు?"

"కొట్టి చూడాల్సిన పని లేదమ్మా. ఆ కాలం బిల్డింగులన్నీ అంతే."

"అది పల్చటి అడ్డగోడ సార్. కొట్టి చూసిన్రు."

"ఎవరు?"

"మేస్త్రీ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. గొంతు మరింత మెత్తగా చేశాడు. "చూడండమ్మా, మా చెల్లెలి లాంటివారు కాబట్టి చెబుతున్నాను. మీ అక్కగారి వయసూ, ఆరోగ్యమూ చూస్తే... ఎన్నాళ్ళుంటారు చెప్పండి? ఏడాదో, ఏడాదిన్నరో. ఆ తర్వాత ఫ్లాటు అమ్ముకోవాలంటే బాత్‌రూంకి అంత పెద్ద తలుపు అసహ్యంగా ఉంటుంది. ఆ మనిషి కోసం గోడలు పగలగొట్టుకోవడం తెలివైన పని కాదు. ఓ ఆయాను పెట్టుకోండి."

నళిని చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. అందులో నీళ్ళు ఒక్క గుక్క కూడా తాగలేదు. ఈ టైముకు ఇంటి దగ్గర కిటికీ పక్కన అక్క ఎండిన పెదాలతో కూర్చుని ఉంటుంది. ఒక సభ్యత గల మనిషి, చదువుకున్న మనిషి, ఫ్యాను కింద కూర్చుని అక్కకు ఇంకా ఎన్ని రోజుల స్నానాలు ఖర్చు పెట్టవచ్చో లెక్క కడుతున్నాడు.

గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మా అక్క ఎన్ని రోజులుంటదో నేను మిమ్మల్ని అడగలేదు సార్. పద్నాలుగు అడిగిన. అందుల అది లేదు."

"కోపం తెచ్చుకోకండి..."

"ఒక్కరోజు ఉన్నా సరే, ఆ ఒక్కరోజు తన బాత్‌రూంకు తను పోతది. దానికి ఎంతయితదో చెప్పమన్న. మీరు ఎర్ర సిరాతో కొట్టేసిన్రు."

కాగితం తీసుకుని మెట్లు దిగింది. ఆఫీసుకు తిరిగి వచ్చి, ఫైలు దగ్గరికి లాక్కుని, వాటర్ కూలర్ల కొటేషన్లు మూడూ ఇంకోసారి చదివింది. తర్వాత నోట్ షీట్ మీద, పదిహేనేళ్ళ కిందటి ఆ వాక్యమే నిదానంగా రాసింది. ఒకే తప్పు మూడు కాగితాల్లో ఎక్కడెక్కడ ఉందో కూడా వరసగా రాసింది. సంతకం పెట్టి, తారీఖు వేసి, తానే తీసుకెళ్ళి ప్రహ్లాద్ బల్ల మీద పెట్టింది. అతను చదివి తలెత్తాడు.

"ఏంది మేడం ఇది? మళ్ళ డిస్పాచ్‌కు పోతరా ఏంది?"

"పోత. అక్కడ ఫ్యాను మంచిగ తిరుగుతది."

నాలుగున్నరకు బయటికొచ్చింది. చాలా రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా ఆడినట్టు అనిపించింది. రేపు పొద్దున జంగమ్మ రాగానే పని మొదలుపెట్టమని చెప్పాలి. ప్లంబర్‌ను తానే వెతుక్కుంటుంది. ఎల్లుండి సాయంత్రానికి గోడ తెగుతుంది. స్టేషన్ రోడ్డు పక్కన ఒకతను తాటికాయలు కొట్టి ముంజలు తీస్తున్నాడు. అక్కకు ముంజలంటే ప్రాణం. నీళ్ళు వద్దంటుంది గాని ముంజలు వద్దనదు. అరడజను తాటాకులో చుట్టించుకుంది.

సందు మొదట్లోకి రాగానే మృదుల ఎదురుగా పరుగెత్తుకు వచ్చింది. ఏడ్చి ఉంది.

"మీకు ఫోన్ చేస్తనే ఉన్న ఆంటీ. రింగయితుంది, ఎత్తుతలేరు."

ఫోను సంచి అడుగున ఉంది.

"మూడింటికి వచ్చి చూస్తే కుర్చీల కూసోనే ఉన్నరు. నిద్రపోయిన్రు అనుకున్న. నాలుగింటికి టీ తెచ్చి లేపితే..."

డాక్టరు అప్పటికే వచ్చి చూసి వెళ్ళాడట. సక్కుబాయిని కుర్చీలోంచి దించి మంచం మీద పడుకోబెట్టారు. తల కొంచెం కిటికీ వైపు తిరిగి ఉంది. నుదుటి మీద వెంట్రుకలు పొద్దున నళిని దువ్విన పాపిడిలోనే ఉన్నాయి. సీసా నిండుగా ఉంది. నళిని చేతిలోని పొట్లం కిటికీ గట్టు మీద పెట్టి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. అక్క ఎడమకాలు పట్టుకుని చూసింది. పొద్దున మోకాలితో నెట్టిన చోట ఎర్రగా కమిలిన మచ్చ ఉంది. దాని మీద అరచేయి పెట్టి అలాగే ఉండిపోయింది.

అప్పుడు ఫోను మోగింది. మృదుల సంచిలోంచి తీసి నళిని చెవి దగ్గర పెట్టింది.

"మేడం, రవికిరణ్. మా సార్‌తో మాట్లాడిన. మీకోసం గోల్డ్ ప్యాకేజ్ సిల్వర్ రేటుకే..."

"నేనిచ్చిన కాగితం ఉన్నదా మీ దగ్గర?" అంది నళిని. గొంతు ఏ మాత్రం మారలేదు.

కాగితాల చప్పుడయింది. "ఆ, ఉంది మేడం, దొరికింది."

"ఆరో నంబరు చదవండి."

"తలుపు తీసి... గోడ కోసి... ముప్పై నాలుగు అంగుళాల వెడల్పు..." అతను ఆగాడు. "గడప ఉండకూడదు. ఇది అడ్జస్ట్ చేద్దాం మేడం."

"ఫిబ్రవరి నుంచి చెప్తున్న. ఇయ్యాల చదివిన్రు" అంది నళిని. మృదులకు సైగ చేసి ఫోను ఆపించింది. అప్పుడు మొదలైంది ఏడుపు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి జంగమ్మ వచ్చింది. సందులో జనాన్ని చూసి, పనిముట్ల సంచి గోడ పక్కన పెట్టింది. ఎవరూ చెప్పకుండానే బిందె అందుకుని ఆడవాళ్ళతో పాటు నీళ్ళు మోసింది. సక్కుబాయికి చివరి స్నానం వాకిట్లో, ఆరుబయట, చీరలు అడ్డం పట్టుకుని చేయించారు. ఈసారి ఏ తలుపూ అడ్డం రాలేదు. పదింటికి మనిషిని తీసుకుపోయారు.

ఇల్లు కడిగాక కూడా జంగమ్మ వెళ్ళలేదు. గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. నళిని తడి తలతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పని బందు పెడుదామా అమ్మా?" అని మెల్లగా అడిగింది జంగమ్మ.

"వద్దు. పన్నెండు రోజులు కానీ. పదమూడో నాడు రా."

జంగమ్మ బాత్‌రూం వైపు చూసింది. ఎవరి కోసమని అడగలేదు.

"కాగితంల ఉన్నదంత చెయ్యి" అంది నళిని. "తలుపు గంతే వెడల్పు. గడప వద్దు. ఎవరన్న వచ్చి ఇప్పుడు ఎందుకని అడిగితే నన్ను అడగమను. నాకు గూడ మోచేతులు ఉన్నయి."

జంగమ్మ తల ఊపి, లేచి, సంచి భుజానికి వేసుకుని సందు దాటి వెళ్ళిపోయింది. చక్రాల కుర్చీని కోఠి దుకాణం మనిషి వచ్చి మడిచి ఆటోలో వేసుకుపోయాడు. మధ్యాహ్నానికి చుట్టాలు కూడా వెళ్ళిపోయారు. గది ఖాళీ అయింది, ఎండ కిటికీలోంచి నేల మీదికి దిగింది.

కిటికీ గట్టు మీద తాటాకు పొట్లం విచ్చుకుని ఉంది. లోపల ఆరు ముంజలు, ఇంకా నీళ్ళతో నిండుగానే ఉన్నాయి.